పెద్ద కారు నుండి చిన్న కారునకు

ఏనుగును కొన్నవాడు అంకుశము కొనుటకు వెనుదీసెనని మన సామెత. పెద్ద మోటారుకారు గల గృహస్థుని స్థితి ఇంకొక విధమైనది. అతడు ఏనుగును కొన్నాడు, అంకుశమును కొన్నాడు. ఇక దినదినమును మేత యెట్లు పెట్టుట యన్నదే అతని విచారము. పెట్రోలు, టైర్లు, బీమా, మరమ్మతులు అన్నియు బండి పరిమాణమును బట్టి పెరుగును. పిల్లలు చదువులకో ఉద్యోగములకో దూరమేగిన పిమ్మట ఏడుగురు కూర్చుండదగిన బండిలో ఇద్దరు మాత్రమే తిరుగుచుందురు. దీనిని అమ్మివేసి, కొంత వాడినదైనను నమ్మదగిన చిన్న కారునొకదానిని కొన్న మేలు గదా యను ఆలోచన అప్పుడా యింట పుట్టును. దానివెంట రెండు సందేహములును పుట్టును. చిన్న బండితో మన పనులు జరుగునా? ఒకరు వాడి విడిచిన బండిని నమ్మవచ్చునా?

ఈ సందేహములు ఏ ఒక్క యింటిలోనో పుట్టినవి కావు. ఇంచుమించు నూరు సంవత్సరములుగా అనేక దేశముల గృహస్థులు వీనిని ఎదుర్కొనిరి. ఒకప్పుడు పన్ను, ఒకప్పుడు యుద్ధము, ఒకప్పుడు చమురు కరవు వారిని పెద్ద బండి నుండి చిన్న బండికి మరల్చినవి. ఫలానా కారు కొనుడని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ నూరేండ్ల అనుభవమును ముందుంచుకొని, నేటి కుటుంబమునకు అందులో పనికివచ్చునదేమో విచారింతము.

పాత కార్ల అంగడి మొదట పెద్దదైనది అమెరికా దేశమున. హెన్రీ ఫోర్డు 1908లో వెలువరించిన 'మోడల్ టి' కారు వెల ప్రారంభమున 850 డాలర్లు. ఆయన నిర్మాణ విధానమును మార్చి మార్చి, 1925 నాటికి ఆ వరుసలో చౌక రకమును 260 డాలర్లకే అమ్మగలిగెను. 1927లో దాని నిర్మాణము నిలుచునప్పటికి కోటి యేబది లక్షల బండ్లు తయారైనవి. అంతటి చౌక కారు ఏల నిలిచిపోయినది? దానిని ఓడించినవానిలో ఇతరుల కొత్త కార్లు మాత్రమే కాక, పాత కార్లును కలవు. కొత్త మోడల్ టి కొను సొమ్ముతోనే అంతకంటె విశాలమైనది, కప్పును తలుపులును సరిగా గలది, కొంత వాడిన కారు దొరుకసాగెను. జనరల్ మోటార్సు అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఈ మార్పును చక్కగా గ్రహించెను. పాత బండిని తీసికొని దాని విలువను కొత్తదాని వెలలో తగ్గించుట, మిగిలినది వాయిదాలపై వసూలు చేయుట అను పద్ధతులు ఆ దశాబ్దమున వ్యాపించినవి.

పాత బండ్లు చేతులు మారుట పెరిగినకొలది, వాని న్యాయమైన వెల యెంత యన్న ప్రశ్న వచ్చినది. లాస్ ఏంజెలీసు నగర వర్తకుడు లెస్ కెల్లీ 1926లో పాత కార్ల ధరలను పుస్తకముగ ప్రకటించెను. అంతవరకు అమ్మువాని నోటిమాటయే ధర. అచ్చైన పట్టిక చేతికి వచ్చిన పిమ్మట కొనువానికి బేరమాడుట కొక ఆధారము కలిగినది. అయితే పట్టిక ఆ రకము కారు ధరను చెప్పును గాని, మన యెదుట నిలిచిన ఆ యొక్క కారు గుణమును చెప్పజాలదు. ఈ లోటును గూర్చి ముందు మరల ప్రస్తావింతుము.

ఇంగ్లండులో గృహస్థుని చిన్న కారు వైపు త్రిప్పినది పన్ను. 1921 నుండి అచట కార్లపై అశ్వశక్తి నొక్కింటికి ఒక పౌను చొప్పున ఏటేటా పన్ను విధింపబడెను. ఆ అశ్వశక్తిని నిజముగా కొలుచుట లేదు. సిలిండర్ల వెడల్పును, సంఖ్యను పట్టి ఒక సూత్రముచే గణించుచుండిరి. ఆ లెక్కలో మోడల్ టి ఫోర్డు ఇరువదిరెండున్నర అశ్వశక్తులది. హెర్బర్టు ఆస్టిన్ 1922లో వెలువరించిన 'ఆస్టిన్ సెవెన్' ఎనిమిదికి లోపలిది. అనగా పెద్ద కారు యజమాని ఇరువది పౌనులకు పైగా చెల్లించుచోట చిన్న కారు యజమాని ఎనిమిదితో బయటపడును. పద్దెనిమిదేండ్ల చిత్రలేఖకుడు స్టాన్లీ ఎడ్జ్ సహాయముతో ఆస్టిన్ రూపొందించిన ఆ చిన్న బండికి నాలుగు చక్రములకును బ్రేకులు, నాలుగు సిలిండర్ల ఇంజను కలవు. అది పెద్ద కారునకు చౌకబారు అనుకరణము కాదు. కొలత తగ్గించిన నిజమైన కారు. సైడుకారు తగిలించిన మోటారు సైకిలుపై భార్యాబిడ్డలతో వానలో తడియుచు పోయిన వేలాది కుటుంబములు దానిలోనికి ఎక్కినవి.

ఇందు మనకొక పాఠమున్నది. కొనుగోలు ధర ఒక్కసారి చెల్లించునది. పోషణ వ్యయము ప్రతి సంవత్సరము చెల్లించునది. వాడిన పెద్ద బండి వెల త్వరగా పడిపోవుటకు ఇదియే ముఖ్య కారణము. చౌకగా వచ్చినదని దానిని కొన్నవాడు దాని పన్నును, పెట్రోలును, టైర్లను చౌకగా కొనలేడు. ఆనాటి ఆంగ్లేయునకు పన్ను రసీదు నేర్పిన సంగతిని నేడు మనకు బీమా ప్రీమియము, నాలుగు పెద్ద టైర్ల వెల నేర్పుచున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఐరోపాఖండమున చిన్న కారు భావనయే మారినది. 1948 అక్టోబరులో పారిసు ప్రదర్శనమున సిట్రోయెన్ సంస్థ తన 'రెండు అశ్వముల' కారును చూపినది. దాని ఇంజను 375 ఘన సెంటీమీటర్లు. శక్తి 9 అశ్వములు. చూచినవారిలో పలువురు నవ్విరి. కాని ఆ బండి వెనుక ఒక స్పష్టమైన ఆలోచన కలదు. ఇద్దరు రైతులను, 50 కిలోల బంగాళాదుంపలను గంటకు 60 కిలోమీటర్ల వేగమున మోయవలెను. నూరు కిలోమీటర్లకు మూడు లీటర్లకంటె త్రాగరాదు. దున్నిన పొలముపై గ్రుడ్ల బుట్టతో నడచినను గ్రుడ్డు పగులరాదు. ఇవి సంస్థాధిపతి పియెర్ బూలాంజే తన ఇంజనీర్లకు విధించిన నియమములు. కారు ఎంత పెద్దది కావలెనని ఆయన అడుగలేదు. దానితో చేయవలసిన పని యేమని అడిగెను. ఆ బండి 1990 వరకు తయారగుచునే యుండెను.

పెద్ద బండిని మార్చదలచిన గృహస్థు మొదట వేసికొనవలసిన ప్రశ్నయు అదియే. గడచిన సంవత్సరమున మన బండిలో అయిదుగురికి మించి ఎన్ని దినములు కూర్చుంటిరి? ఎన్ని పర్యాయములు సామాను నిండినది? ఏడాదికి నాలుగు పెండ్లిండ్లకు, ఒక తిరుపతి యాత్రకు మాత్రమే పెద్ద బండి అవసరమైనచో, ఆ అయిదు దినములకు బండిని అద్దెకు తీసికొనవచ్చును. అయిదు దినముల అవసరమునకై మూడువందల అరువది దినములు ఏనుగును మేపనక్కరలేదు.

నమ్మకమును గూర్చి ఆ కాలమున ప్రపంచమునకు పాఠము చెప్పినది జర్మనీ దేశపు వోక్స్‌వాగన్. యుద్ధమున దెబ్బతిన్న ఆ కర్మాగారమును 1945లో బ్రిటిషు సైనికోద్యోగి మేజర్ ఇవాన్ హర్స్ట్ తిరిగి నడిపించెను. 1948 నుండి హైన్రిఖ్ నోర్డాఫ్ దానిని పెంచెను. వారి కారు రూపము చూచుటకు పురుగువలె నుండెను. ఇంజను వెనుక నుండెను. గాలిచే చల్లబడునది గనుక రేడియేటరు లేదు, రేడియేటరు కారుటయు లేదు. కారు అమ్ముటకు ముందే ఆ ఊరిలో విడిభాగములు, శిక్షితులైన మెకానిక్కులు ఉండవలెనని వారు పట్టుబట్టిరి. ఏటేటా రూపము మార్చలేదు. లోపల దోషములను మాత్రము సవరించుచు వచ్చిరి. కావున పదేండ్ల నాటి బండికిని భాగములు దొరకెడివి, దాని వెలయు నిలిచెడిది. 1972 ఫిబ్రవరిలో ఆ కారు మోడల్ టి సంఖ్యను దాటినది. 2003 జూలైలో మెక్సికో దేశమున చివరి బండి వెలువడునప్పటికి మొత్తము రెండు కోట్ల పదిహేను లక్షలు మించినవి.

వాడిన కారు కొనువానికి ఇందలి ధర్మము స్పష్టము. చాలకాలము చాల సంఖ్యలో తయారైన బండి, మన ఊరి మేస్త్రి చేతికి అలవాటైన బండి, అపురూపమైన బండికంటె మేలు. అపురూపమైనది వీధిలో నలుగురి కన్నులకు ఇంపైనను, విరిగిన చిన్న భాగమొకటి నెలలకొలది రాకున్నచో అది మన వాకిట బొమ్మగా నిలుచును.

1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసరు సూయజు కాలువను జాతీయము చేసెను. తరువాత జరిగిన యుద్ధమువలన కాలువ మూతపడి, ఆ డిసెంబరు నుండి మరుసటి మే వరకు బ్రిటనులో పెట్రోలు రేషను అమలు జరిగినది. బ్రిటిషు మోటారు కార్పొరేషను అధిపతి లెనార్డు లార్డు పొదుపైన నిజమైన చిన్న కారును నిర్మింపుమని అలెక్ ఇసిగోనిసును కోరెను. ఆయన ఇంజనును అడ్డముగా తిప్పి, గేరుబాక్సును దాని క్రింద అమర్చి, ముందు చక్రములనే నడిపించెను. 1959 ఆగస్టు 26న వెలువడిన 'మినీ' పొడవు పది అడుగులు. ఇంజను 848 ఘన సెంటీమీటర్లు. చౌక రకము వెల 500 పౌనులకు లోపు. నలుగురు పెద్దవారు అందులో సుఖముగా కూర్చుండగలిగిరి. బండి వెలుపల చిన్నదగుటకు లోపల ఇరుకు కానక్కరలేదని ఆయన నిరూపించెను. నేటి చిన్న కార్లలో అధిక భాగము అడ్డపు ఇంజను, ముందు చక్రముల నడక గలవే.

కాని మినీ చరిత్రలో ఇంకొక ప్రకరణము కలదు. మొదటి కాలపు బండ్లలో నేలరేకుల అతుకునుండి వాననీరు లోనికి వచ్చి తివాచీలు తడిసెడివి. కొంతకాలమునకు దోషము కనుగొని సవరించిరి. ఎంతటి మేధావి సృష్టించినదైనను, కొత్త రకము మొదటి యేట కొన్ని బాలారిష్టములు ఉండును. కావున వాడిన కారు కొనునప్పుడు ఆ రకము మొదటి సంవత్సరపు బండికంటె రెండు మూడు సంవత్సరముల తరువాత తయారైనది మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు సరఫరాను తగ్గించినవి. పీపాకు సుమారు మూడు డాలర్లుండిన ధర 1974 జనవరి నాటికి పన్నెండు డాలర్లను సమీపించెను. అమెరికాలో పెట్రోలు బంకులయెదుట బారులు తీరినవి. పెద్ద కార్ల గిరాకీ పడిపోయినది. వాడిన పెద్ద బండ్ల వెల మరింత పడిపోయినది. జపాను దేశపు చిన్న కార్లను జనులు వెదకి కొనిరి. హోండా సంస్థ 1972లో వెలువరించిన 'సివిక్' వంటి బండ్లకు అంతవరకు అచట అంతటి ఆదరము లేదు. మన దేశమునను పెట్రోలు ధర పెరుగగా, ఆ నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండిపై పార్లమెంటునకు వచ్చి నిరసన తెలిపెను.

ఆ తొందరలో పలువురు ఒక లెక్క మరచిరి. పెద్ద బండి ధర పడిపోయినప్పుడు అమ్మి, చిన్న బండి ధర పెరిగినప్పుడు కొన్నచో ఆ రెండు నష్టములు కూడ పెట్రోలు పొదుపులో నుండి తీరవలెను. మేమొక ఊహాలెక్క చూపుదుము. పెద్ద కారు లీటరుకు 8 కిలోమీటర్లు, చిన్నది 15 కిలోమీటర్లు పోవుననుకొందము. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు మొదటిదానికి 750 లీటర్లు, రెండవదానికి 400 లీటర్లు చాలును. లీటరు 100 రూపాయలైనచో ఏడాదికి 35,000 రూపాయలు మిగులును. పెద్దదానిని అమ్మగా వచ్చిన సొమ్మునకు పైన ఇంకను 1,40,000 రూపాయలు వేసి చిన్నది కొన్నచో, ఆ సొమ్ము నాలుగేండ్లకు తిరిగి వచ్చును. ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిరుగువారికి ఎనిమిదేండ్లు పట్టును. అప్పటికి ఆ చిన్న బండియు ముసలిదగును. చేతినుండి ఏమియు వేయక, పైగా కొంత మిగులునట్లు మార్చుకొనువానికి మొదటి దినము నుండియే లాభము. కావున ముందు కాగితము, కలము తీసికొనుట. పిమ్మట బండిని చూడబోవుట.

ఇప్పుడు రెండవ సందేహమునకు వత్తము. ఒకరు విడిచిన బండిని నమ్మవచ్చునా? ఈ సామాన్యపు ప్రశ్నయే ఒక అర్థశాస్త్రవేత్తకు నోబెల్ బహుమానము తెచ్చినది. అమెరికా పండితుడు జార్జి ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడిని ఉదాహరణముగా గొని ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. అంతకుముందు దానిని మూడు పత్రికలు త్రిప్పి పంపినవి. ఆ వ్యాసము వెలువడుటకు మునుపు 1967-68లో ఆయన ఢిల్లీలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో ఒక సంవత్సరము గడపెను. 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి ఆ బహుమానము లభించినది.

ఆయన వాదము ఇట్టిది. అంగడిలో సగము మంచి బండ్లు, సగము చెడ్డ బండ్లు ఉన్నవనుకొనుడు. మంచిదాని విలువ నాలుగు లక్షలు, చెడ్డదాని విలువ రెండు లక్షలు. ఏది యెట్టిదో అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కావున కొనువాడు మధ్యస్థముగా మూడు లక్షలు ఇత్తుననును. మంచి బండి యజమాని ఆ ధరకు అమ్మక తన యింటనే యుంచుకొనును. చెడ్డ బండి యజమాని సంతోషముతో అమ్మును. క్రమముగా అంగడిలో చెడ్డవే మిగులును. అది తెలిసి కొనువాడు ఇంకను తగ్గించి అడుగును. ఈ విధముగా మోసగాడు తన కొనుగోలుదారునే కాక, నిజాయితీగల అమ్మకందారుని కూడ చెరచును. ఎకర్లాఫ్ తన వ్యాసమున భారతదేశపు గృహిణిని కూడ ప్రస్తావించెను. బజారు బియ్యములో కావలెనని కలిపిన, బియ్యపు రంగును ఆకారమును గల రాళ్లను ఆమె ఏరుకొనవలసివచ్చుచున్నదని వ్రాసెను. చేటలో బియ్యము పోసికొని రాళ్లేరిన మన తల్లులకు ఈ సిద్ధాంతము కొత్తది కాదు. పాత కారు కొనుటయు చేటలో బియ్యము చూచుటయే.

ఈ అపనమ్మకమును తగ్గించుటకు దేశదేశములు కొన్ని ఉపాయములు పన్నినవి. బ్రిటనులో 1960 సెప్టెంబరు నుండి పదేండ్లు నిండిన బండ్లకు ఏటేటా బ్రేకులు, దీపములు, స్టీరింగు పరీక్ష విధించిరి. తరువాత ఆ వయస్సును ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించిరి. అమెరికాలో 1972 నాటి చట్టము తిరిగిన మైళ్లు చూపు మీటరును వెనుకకు తిప్పుటను నేరముగా చేసినది. 1985 నుండి వర్తకుడు అమ్ము ప్రతి పాత కారు కిటికీపై హామీ కలదో లేదో తెలుపు పత్రము అంటింపవలెనని నియమము వచ్చినది. వినియోగదారుల సంఘములు వేలాది సభ్యుల నుండి మరమ్మతుల వివరములు సేకరించి, ఏ రకము బండి ఏ భాగమున తరచు చెడుచున్నదో ప్రకటింపసాగినవి. ఒక్కని అదృష్టమో దురదృష్టమో ప్రమాణము కాదు. వేలమంది అనుభవము ప్రమాణము.

మన దేశపు అంగడి చాలకాలము ఇందుకు తలక్రిందులుగా నడచినది. దేశమున కార్లు నిర్మించు ప్రణాళిక లేని సంస్థలు తప్పుకొనవలెనని ప్రభుత్వము 1953లో నిర్ణయింపగా, జనరల్ మోటార్సు, ఫోర్డు వెడలిపోయినవి. మిగిలినవి ముఖ్యముగా మూడు: ఉత్తరపారలో తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్ 1100, మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు. పెద్ద కుటుంబము అంబాసిడరును, చిన్న కుటుంబము ఫియట్టును కోరెడిది. కొత్త కారునకు పేరు నమోదు చేసికొని సంవత్సరములు వేచియుండవలసివచ్చినది. వేచియుండలేనివారు వాడిన బండికే అధిక ధర చెల్లించిరి. అయినను ఒక మేలుండినది. దశాబ్దములపాటు మూడే రకములు తిరుగుటచే, ప్రతి పట్టణమునను వాని నరనరము నెరిగిన మేస్త్రి యుండెను.

1983 డిసెంబరు 14న మారుతి కారు వెలువడినది. జపాను సుజుకీ సంస్థ సహకారముతో తయారైన దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు మూడు, వెల రమారమి యేబది వేల రూపాయలు. పెద్ద అంబాసిడరునకు అలవాటుపడినవారు మొదట దానిని అగ్గిపెట్టె యని యెగతాళి చేసినను, లీటరు పెట్రోలుకు అది పోవు దూరము చూచి పలువురు మనస్సు మార్చుకొనిరి. 2014 జనవరిలో దాని నిర్మాణము నిలుచునప్పటికి 27 లక్షలకు పైగా బండ్లు తయారైనవి. అదే సంవత్సరము మే నెలలో అంబాసిడరు నిర్మాణమును నిలిచినది. ఒక తరము పెద్ద బండి నుండి చిన్న బండికి మారిన కథ ఆ రెండు తేదీలతో ముగిసినదని చెప్పవచ్చును. పెద్ద బండ్లు మరల వేరు రూపమున వచ్చినవి. వానిని విడుచు ఆలోచనయు వానివెంటనే వచ్చినది.

పొదుపును గూర్చి ఇంత చెప్పిన పిమ్మట, పొదుపునకు లోబడరాని విషయమొకటి చెప్పవలెను. అది ప్రాణరక్షణము. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారతదేశమున అమ్ముడగు అయిదు చిన్న కార్లను, ఎయిరు బ్యాగులు లేని చౌక రకములను, ఢీకొట్టించి పరీక్షించినది. అయిదింటికిని పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమైనను రాలేదు. ఆ పిమ్మట నియమములు మారినవి. 2019 ఏప్రిలు నుండి చక్రములు బిగిసిపోకుండ కాపాడు బ్రేకుల పద్ధతియు, ఆ జూలై నుండి నడుపువానికి ఎయిరు బ్యాగును, 2022 జనవరి నుండి ప్రక్క సీటువారికిని ఎయిరు బ్యాగును కొత్త కార్లన్నింట తప్పనిసరి యైనవి. పెద్ద బండి బరువు ఇచ్చు రక్షణను విడిచి చిన్నదానిలో కూర్చుండువారు ఈ తేదీలను గుర్తుంచుకొనవలెను. 2018 నాటి బండికిని 2022 నాటి బండికిని ధరలో గల తేడా కేవలము వయస్సు తేడా కాదు.

ఇక బండిని చూచు పద్ధతి. ఇంజను చల్లగా నున్నప్పుడు మొదటిసారి స్టార్టు చేయించి చూడవలెను. వేడెక్కిన ఇంజను తన రోగమును దాచును. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనెను కాల్చుచున్నదని తెలియవలెను. మీటరు ముప్పది వేల కిలోమీటర్లు చూపుచుండగా పెడల్ రబ్బరులు అరిగి నునుపెక్కియున్నచో మీటరును గాక రబ్బరును నమ్మవలెను. టైరు ఒకవైపే అరిగినచో చక్రముల అమరికలోనో, చాసిసులోనో దోషముండును. హైదరాబాదున 2020 అక్టోబరులోను, విజయవాడలో 2024 సెప్టెంబరులోను వరదలలో మునిగిన కార్లెన్నో. అట్టి బండి పైకి మెరయుచుండును. తివాచీ ఎత్తి చూచినచో బురద, సీటు పట్టాలపై తుప్పు, మూలల ముక్కవాసన నిజము చెప్పును. మనము చూచిన తరువాతను, అమ్మువానికి సంబంధములేని మేస్త్రి కొకనికి రుసుమిచ్చి చూపుట మంచిది. ఆ రుసుము పోయిన సొమ్ము కాదు.

కాగితములను చూచుట ఇంజనును చూచుటకంటె తక్కువ పని కాదు. ఇంజను సంఖ్య, చాసిసు సంఖ్య ఆర్.సి.తో సరిపోవలెను. అప్పుపై కొన్న బండియైనచో అప్పు తీరినదని ఆ సంస్థ ఇచ్చిన పత్రము ఉండవలెను. సొంత కారు రిజిస్ట్రేషను మొదటిసారి 15 సంవత్సరములకే చెల్లును. తరువాత పరీక్ష చేయించి పొడిగింపవలెను. కావున పన్నెండేండ్ల బండిని కొన్నవానికి మూడేండ్లే చేతిలో నున్నవని తెలియవలెను. యాజమాన్యము మారిన సంగతిని అమ్మినవాడు అదే రాష్ట్రములోనైనచో 14 దినములలో రవాణా శాఖకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. బండి అమ్మివేసినను రికార్డులో పేరు మార్పించనిచో, ఆ బండివలన జరిగిన ప్రమాదమునకు పరిహారపు బాధ్యత రికార్డులో పేరున్నవానిదే యని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

ఈ కడపటి మాట కొనువానికంటె అమ్మువానికి ముఖ్యము. పెద్ద కారును విడిచి చిన్న కారును కొను గృహస్థు ఈ కథలో రెండు పాత్రలును ధరించును. ఒక వాకిట అతడు కొనువాడు. తన వాకిట అతడు అమ్మువాడు. తన పెద్ద బండి గేరుబాక్సు ఎప్పుడు మొరాయించునో, వానాకాలమున ఏ మూల నీరు కారునో అతనికి తెలియును, కొనవచ్చినవానికి తెలియదు. చిన్న కారును అమ్మువాడు తనకేమి దాచరాదని అతడు కోరునో, తన పెద్ద కారును కొనువానికి దానినే అతడు దాచకుండవలెను. మరమ్మతుల రసీదులన్నియు ఒక సంచిలో భద్రపరచి బండితోపాటు అప్పగించువానికి నాలుగు వేలు తక్కువ వచ్చినను రావచ్చును. ఎక్కువ వచ్చినను రావచ్చును. ఎకర్లాఫ్ చెప్పిన చెడ్డ అంగడి బాగుపడుటకు చట్టములు, పరీక్షలు కొంత తోడ్పడును. మిగిలినది రసీదుల సంచిని దాచక ముందుపెట్టు గృహస్థుల చేతిలో నున్నది.